లిస్ట్‌మాంక్: చేరినవాళ్ళచేత ‘అవును’ అనిపించడంలో ఎంతవరకు పనికొస్తుంది?

ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు కావచ్చు, కడియంలో నర్సరీ కావచ్చు, భీమవరం నుంచి రోజూ రొయ్యల కౌంట్ ధరలు పంపే మనిషి కావచ్చు. మెయిల్ న్యూస్‌లెటర్ మొదలుపెట్టిన ఎవరికైనా మొదటి నెలలోనే ఎదురయ్యే చిక్కు ఒకటే. ఫారం నింపి మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఆ తర్వాత వెళ్ళే నిర్ధారణ మెయిల్ తెరిచి ‘అవును, అడిగింది నేనే’ అని నొక్కినవాళ్ళు మాత్రం బాగా తగ్గిపోతారు. నొక్కనివాళ్ళ పేరు జాబితాలో ఉంటుంది కానీ ఉత్తరం వెళ్ళదు. న్యూస్‌లెటర్లు పంపే లిస్ట్‌మాంక్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఈ సమీక్షలో ఆ ఒక్క కోణంలోంచే చూస్తున్నాం. దాని మిగతా సౌకర్యాల గురించి ఇక్కడ పెద్దగా చెప్పడం లేదు.

లిస్ట్‌మాంక్ మన దేశంలో పుట్టిన సాఫ్ట్‌వేరే. జెరోధా అనే షేర్ బ్రోకింగ్ సంస్థ సాంకేతిక విభాగాన్ని నడిపే కైలాశ్ నాధ్ మొదలుపెట్టారు. 2019లో బయటికొచ్చింది. ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉచితం, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. గో భాషలో రాసిన ఒకే ఒక ప్రోగ్రాం, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అంతే. ఒక జీబీ ర్యామ్ ఉన్న చిన్న అద్దె సర్వర్ మీద హాయిగా నడుస్తుంది. డబ్బు తీసుకునే సర్వీసుల్లో చాలావాటికి చందాదారుల సంఖ్య పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. ఇక్కడ ఆ లెక్క లేదు. సర్వర్ అద్దె, మెయిల్ మోసే సర్వీసు ఖర్చు, ఆ రెండే.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. నిర్ధారణ యంత్రాంగం విషయంలో లిస్ట్‌మాంక్ నిక్కచ్చిగా, నమ్మకంగా పనిచేస్తుంది. కానీ డబ్బా విప్పినట్టు విప్పి అలాగే వాడితే మన గోదావరి డెల్టా పాఠకుడు ఆ మెయిల్ చూసి భయపడతాడు. మార్చాల్సినవి మార్చుకునే ఓపిక ఉంటే దీనికి మించినది తక్కువ ఖర్చులో దొరకదు. ఆ ఓపిక లేకపోతే వద్దు.

పని ఎలా జరుగుతుందో చూద్దాం. కొత్త జాబితా పెట్టేటప్పుడు రెండు విషయాలు అడుగుతుంది: పబ్లిక్ జాబితానా, ప్రైవేటా, సింగిల్ ఆప్ట్‌ఇన్ కావాలా, డబుల్ ఆప్ట్‌ఇన్ కావాలా. సింగిల్ అంటే ఫారం నింపితే చాలు. డబుల్ అంటే చేరినవాళ్ళకి వెంటనే ఒక నిర్ధారణ మెయిల్ వెళ్తుంది. వాళ్ళు ఒప్పుకునేదాకా ఆ పేరు పక్కన ‘అన్‌కన్‌ఫర్మ్‌డ్’ అని ఉంటుంది, ఆ జాబితాకి పంపే ఏ ఉత్తరమూ వాళ్ళకి వెళ్ళదు. ఈ విషయంలో లిస్ట్‌మాంక్ ఎవరినీ దొడ్డిదారిన రానివ్వదు. అది మెచ్చుకోవాల్సిన గుణం.

ఇందులో ఒక మెలిక ఉంది, ఇది తెలియక చాలామంది సగం దారిలో జనాన్ని పోగొట్టుకుంటారు. మెయిల్‌లోని బటన్ నొక్కగానే పని అయిపోదు. ఆ బటన్ ఒక పేజీకి తీసుకెళ్తుంది, అక్కడ జాబితా పేరు చూపించి ఇంకో బటన్ నొక్కమంటుంది. అది కూడా నొక్కితేనే పేరు ఖాయం అవుతుంది. కాలవ మీద లాకు దాటే పడవలాగే అన్నమాట, మొదటి తలుపు దాటగానే అవతలికి చేరినట్టు కాదు. ఇలా పెట్టడానికి గట్టి కారణమే ఉంది. ఆఫీసుల మెయిల్ సర్వర్లు కొన్ని, వచ్చిన ప్రతి లింకునీ మనిషికంటే ముందు తామే తెరిచి పరీక్షిస్తాయి. ఒక్క నొక్కుతో ఖాయమయ్యేలా ఉంటే, మనిషి చూడకుండానే యంత్రం ఒప్పేసుకున్నట్టు లెక్క పడుతుంది. రెండో బటన్ ఆ తప్పుడు అంగీకారాన్ని ఆపుతుంది. కాబట్టి దాన్ని తీసేయాలని చూడకండి. ‘రెండుసార్లు నొక్కాలి’ అని మెయిల్‌లోనే, మొదటి బటన్ కిందే రాయండి. ‘ఇది నొక్కాక ఒక పేజీ వస్తుంది, అక్కడ కూడా ఒకసారి నొక్కితే పూర్తయినట్టే’ అన్న ఒక్క వాక్యం చాలు.

ఇక అమరికలో జరిగే పొరపాట్లు. అన్నిటికంటే పెద్దది రూట్ యూఆర్ఎల్, అంటే మెయిల్ లింకులన్నిటికీ మొదట వచ్చే వెబ్ చిరునామా. లిస్ట్‌మాంక్ పెట్టగానే సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఈ గడిలో లోకల్‌హోస్ట్ (ఆ కంప్యూటర్ తనని తాను పిలుచుకునే పేరు), 9000 పోర్టు అని ఉంటుంది. దాన్ని మీ సొంత వెబ్ చిరునామాకి మార్చకపోతే, నిర్ధారణ మెయిల్‌లోని లింకు కూడా లోకల్‌హోస్ట్‌కే వెళ్తుంది. చేరినవాళ్ళు ఫోన్‌లో నొక్కితే పేజీ తెరుచుకోదు. మీ సర్వర్ మీద మీరే పరీక్షిస్తే మాత్రం అంతా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకే పరీక్ష ఎప్పుడూ వేరే ఫోన్‌లో, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చేయాలి. దాని పక్కనే ఉండే ‘ఫ్రమ్’ మెయిల్ ఐడీ కూడా నమూనాగా ఇచ్చినదే, అదీ మార్చాలి. వచ్చిన నమూనా జాబితాలు రెండూ, వాటిలోని నమూనా పేర్లూ తీసేయండి.

రెండో పొరపాటు జీమెయిల్ ఐడీని పంపేవారి ఐడీగా పెట్టడం. చిన్న కొట్లలో చాలామందికి ఉన్నది జీమెయిలే కాబట్టి అదే పెట్టేస్తారు. వేరే సర్వీసు ద్వారా పంపుతూ పైన జీమెయిల్ పేరు పెడితే, పైన కనిపించే డొమైన్ నుంచే మెయిల్ వచ్చిందా అని చూసే డీమార్క్ పరీక్షలో డొమైన్లు సరిపోలవు. అలాంటి మెయిల్ స్పామ్‌లో పడటం ఖాయమనే అనుకోవాలి. సొంత డొమైన్ కొనండి. జవాబులు మాత్రం మీ జీమెయిల్‌కే రావాలనుకుంటే, ఎస్ఎమ్‌టీపీ (మెయిల్ పంపే సర్వర్) సెట్టింగుల్లో కస్టమ్ హెడర్ల గడి ఉంది, అక్కడ రిప్లై-టు కింద జీమెయిల్ ఐడీ ఇవ్వండి. నిర్ధారణ మెయిల్‌కి జవాబు రాసి ‘ఇది మీరేనాండీ?’ అని అడిగే పెద్దవాళ్ళు మన వైపు ఉంటారు. ఆ జవాబు ఎవరూ చూడని పెట్టెలోకి పోకూడదు.

మెయిల్ మోయడానికి అమెజాన్ ఎస్ఈఎస్ బాగా కుదురుతుంది. ముంబయి రీజియన్ ఎంచుకోండి, పోర్టు 587 వాడండి. 25 పోర్టుని క్లౌడ్ సంస్థలు చాలావరకు మూసి ఉంచుతాయి. ధర వెయ్యి మెయిళ్ళకి 10 సెంట్లు. వారానికి ఒక ఉత్తరం చొప్పున 2,000 మందికి పంపితే నెలకి డాలరు లోపే. రోజూ రొయ్యల ధరలు పంపితే 60,000 మెయిళ్ళు, ఆరు డాలర్లు. కానీ కొత్త ఖాతా మొదట శాండ్‌బాక్స్ అనే పరీక్ష దశలో ఉంటుంది. 24 గంటల్లో 200 మెయిళ్ళు, సెకనుకి ఒకటి. అదీ మీరు ముందే ధ్రువపరిచిన ఐడీలకి మాత్రమే. కొత్తగా చేరినవాళ్ళ ఐడీ అలా ధ్రువపరిచినది కాదు కాబట్టి వాళ్ళకి వెళ్ళాల్సిన నిర్ధారణ మెయిల్‌ని ఎస్ఈఎస్ తిప్పికొడుతుంది. ఫారం నింపినవాళ్ళకి అంతా సరిగ్గా జరిగినట్టే పేజీ వచ్చినా, అసలు మెయిల్ బయలుదేరదు. లిస్ట్‌మాంక్ లాగ్స్ పేజీలో 554 నంబరుతో తిరస్కారం కనిపిస్తే కారణం ఇదే. శాండ్‌బాక్స్ దాటించే ప్రొడక్షన్ అనుమతి కోసం అర్జీ పెట్టేటప్పుడు డబుల్ ఆప్ట్‌ఇన్ వాడుతున్నామని, తిరిగొచ్చిన మెయిళ్ళని ఎలా తీసేస్తామో వివరంగా రాయండి. అది మీ పక్షాన గట్టి మాట.

మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే డొమైన్ రికార్డులు మూడు రకాలు చూసుకోవాలి. డీకిమ్ (మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం) కోసం ఎస్ఈఎస్ మూడు సీనేమ్ రికార్డులు ఇస్తుంది, మూడూ పెట్టాలి. మెయిల్ ఫ్రమ్ డొమైన్‌కి ఒక ఎమ్ఎక్స్, ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా) కోసం ఒక టీఎక్స్‌టీ. డీమార్క్‌కి ఇంకో టీఎక్స్‌టీ, మొదట్లో ‘నన్’ విధానంతో చాలు. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి అందరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ తప్పనిసరి చేసింది. రోజుకి 5,000 మెయిళ్ళు దాటేవాళ్ళకి రెండూ ఉండాలి, డీమార్క్ ఉండాలి, ఒక్క నొక్కుతో మానుకునే వీలు కూడా ఉండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్ళు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంచుకోవడం మంచిది. మన దగ్గర మెయిల్ వాడేవాళ్ళలో ఎక్కువమందికి ఉన్నది జీమెయిలే కాబట్టి ఈ నిబంధనలు దాటితే నిర్ధారణ మెయిల్ చేరనే చేరదు. చేరని మెయిల్‌లో ఎంత చక్కటి మాటలు రాసినా ఏం లాభం?

ఇంకో చిన్న సంగతి. పెద్ద ఉత్తరం వేలమందికి వెళ్తుండగా ఎవరైనా కొత్తగా చేరితే, వాళ్ళ నిర్ధారణ మెయిల్ కూడా అదే ఎస్ఈఎస్ ఖాతా మీద, అదే సెకను పరిమితిలో వెళ్ళాలి. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద కాన్‌కరెన్సీ, మెసేజ్ రేట్ అని రెండు గడులుంటాయి, రెండూ 10తో వస్తాయి. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేదే సెకనుకి వెళ్ళగలిగే మెయిళ్ళ సంఖ్య. మీ ఎస్ఈఎస్ పరిమితి సెకనుకి 14 అయితే ఆ గుణకారం 10 దాటకుండా పెట్టి, మిగతాది కొత్తవాళ్ళ కోసం వదిలేయండి. ఫారం నింపిన మనిషి ఫోన్ చేతిలో పట్టుకుని చూసేది రెండు మూడు నిమిషాలే.

ఇప్పుడు అసలైన చోటికొద్దాం: మాటలు. ఇక్కడే లిస్ట్‌మాంక్ మనకి ఏమీ సాయం చేయదు, పని అంతా మనదే.

వచ్చినది వచ్చినట్టు వాడితే సబ్జెక్ట్ ఇంగ్లీషులో, సబ్‌స్క్రిప్షన్ కన్‌ఫర్మ్ చేయమని ఉంటుంది. దాన్ని తెలుగులోకి మార్చేవాళ్ళు చాలావరకు ‘మీ చందాను ధ్రువీకరించండి’ అని రాస్తారు. వ్యాకరణానికి లోటు లేదు. కానీ మన ఊళ్ళలో చందా అంటే వినాయక చవితి పందిరికి, గుడి తీర్థానికి వసూలు చేసే డబ్బు. ఆ మాట చూడగానే ‘ఎంత కట్టాలో’ అన్న అనుమానం వస్తుంది. ఇక ‘ధ్రువీకరించండి’ అన్న మాట బ్యాంకు కేవైసీ పేరుతో వచ్చే మోసపు మెసేజ్‌లలో రోజూ చూసేదే. తెలియని లింకు నొక్కొద్దని పోలీసులు, బ్యాంకులు, ఇంట్లో పిల్లలు అందరూ చెబుతూనే ఉన్నారు, సైబర్ మోసమైతే 1930కి ఫోన్ చేయమంటున్నారు. జాగ్రత్తపడే మనిషి ఆ మెయిల్ నొక్కకపోవడం న్యాయమే. తప్పు రాసినవాళ్ళది.

బటన్ మీద ‘అవును, నాకు పంపండి’ అని ఉండాలి. సబ్జెక్ట్‌లో ఏం పంపుతారో, ఎప్పుడు పంపుతారో ఉండాలి. ‘రోజూ సాయంత్రం రొయ్యల ధరలు, పంపమంటారా?’ అనేది మంచి సబ్జెక్ట్. ఫోన్‌లో మొదటి 30, 35 అక్షరాలే కనిపిస్తాయి కాబట్టి ముఖ్యమైన మాట ముందుండాలి. మెయిల్ లోపల మూడు వాక్యాలు చాలు: ఎక్కడ ఐడీ ఇచ్చారో, ఎన్నాళ్ళకోసారి ఏం వస్తుందో, డబ్బు కట్టక్కర్లేదని. చివర ‘మీరు అడగలేదంటే ఈ మెయిల్ వదిలేయండి, మళ్ళీ రాదు’ అని. ఆ ఆఖరి వాక్యం ధైర్యాన్నిస్తుంది, కానీ ఆ మాట నిలబెట్టుకునేలా గుర్తుచేసే మెయిళ్ళు మానుకోవాలి. లేదా ‘ఇంకో రెండుసార్లు మాత్రం గుర్తుచేస్తాం’ అని నిజం రాయాలి. ‘వెంటనే’, ‘24 గంటల్లో’, ‘లేకపోతే రద్దు’ లాంటి తొందరపెట్టే మాటలు అస్సలు వద్దు, అవి మోసగాళ్ళ మాటలు. లింకుని పొట్టిచేసే సర్వీసులూ వద్దు, నొక్కేముందు చూసుకునేవాళ్ళకి మీ డొమైన్ కనబడాలి.

పంపేవారి పేరు దగ్గర కూడా ఆలోచించాలి. ఆత్రేయపురంలో కొట్టు ఉన్నవాళ్ళు ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని పెడుతుంటారు. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ పేరు ఊరందరిదీ. మెయిల్ వచ్చినప్పుడు అది ఏ కొట్టో గుర్తుపట్టేదెలా? బోర్డు మీద ఉన్న కొట్టు పేరు, దాని పక్కన ఊరి పేరు. అదీ తెలుగు లిపిలో, బోర్డు మీద ఉన్నట్టే.

ఈ మార్పులన్నీ చేయడానికి రెండు చోట్లున్నాయి. బటన్ మీది మాటలు, సబ్జెక్ట్, పేజీ మీది వాక్యాలు భాష ఫైలులో ఉంటాయి. ఇంగ్లీషు ఫైలుని నకలు తీసి, మీ తెలుగు వాక్యాలు పెట్టి, ఐ18ఎన్ డైరెక్టరీ అనే ఆప్షన్‌తో ప్రోగ్రామ్‌కి చూపించాలి, తర్వాత సెట్టింగ్స్‌లో భాష ఎంచుకోవాలి. మెయిల్ రూపురేఖలు స్టాటిక్ ఫోల్డర్‌లోని ఈమెయిల్ టెంప్లేట్లలో, సబ్‌స్క్రైబర్ ఆప్ట్‌ఇన్ అనే ఫైలులో ఉంటాయి. దానికి స్టాటిక్ డైరెక్టరీ ఆప్షన్ ఉంది. మార్చిన ఒక్క ఫైలే పెడితే కుదరదు, ఫోల్డర్ మొత్తం నకలు తీసి అందులో మార్చాలి. డాకర్‌లో నడుపుతుంటే ఆ ఫోల్డర్‌ని కంటైనర్‌కి జోడించి, కమాండ్ వాక్యంలో ఆప్షన్ చేర్చి, తిరిగి ప్రారంభించాలి. కొత్త వెర్షన్‌కి మారినప్పుడల్లా మీ నకలు పాతబడిందేమో పోల్చి చూసుకోవాలి. ఈ పని సెట్టింగుల పేజీలోనే చేసుకునేలా ఉండి ఉంటే ఎంతోమందికి మేలు జరిగేది. లిస్ట్‌మాంక్‌లో అతి పెద్ద లోటు ఇదేనని మా అభిప్రాయం.

టెంప్లేట్‌లో రెండు విషయాలు తప్పక సరిచేయాలి. ఒకటి పలకరింపు. అందులో పేరులోని మొదటి పదాన్ని తీసుకుని పలకరిస్తుంది, ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాల ఇనిషియల్స్ ఉంటే దాటేస్తుంది. మన పేర్లలో ముందొచ్చేది ఇంటిపేరు. ఇంటిపేరు పెట్టి పిలిస్తే పెద్దవాళ్ళకి మొరటుగా తోస్తుంది. పేరు ఇవ్వకపోతే మెయిల్ ఐడీలో ముందు భాగాన్నే పేరుగా వేసుకుంటుంది, దాంతో అంకెలతో సహా పలకరింపు వెళ్తుంది. పేరు తీసేసి ‘నమస్కారమండీ’ అని పెట్టేయండి, గొడవ ఉండదు. రెండోది జాబితా పేరు. నిర్ధారణ మెయిల్‌లో ఏ జాబితాలో చేరారో చూపిస్తుంది. మీరు పెట్టుకున్న ‘ఆక్వా టెస్ట్ 2’ లాంటి పేరు అక్కడ అలాగే వెళ్తుంది. జాబితాని ప్రైవేటుగా పెట్టి ఉంటే పేరుకి బదులు ‘ప్రైవేట్ లిస్ట్’ అని వెళ్తుంది. తెలియని ప్రైవేటు జాబితాలో చేరమంటే ఎవరు నొక్కుతారు? పబ్లిక్‌గా మార్చి, చదవగానే అర్థమయ్యే తెలుగు పేరు పెట్టండి: ‘భీమవరం రొయ్యల ధరలు’, ‘నర్సరీ మొక్కల వారపత్రం’.

బటన్ బొమ్మగా పెట్టొద్దు, అక్షరాలతోనే ఉండాలి. బొమ్మలు ఆపేసి ఉన్న ఫోన్లో బొమ్మ బటన్ కనబడదు. తెలుగులో ఒత్తులు, గుడులు పైకీ కిందికీ పెరుగుతాయి కాబట్టి వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.6 రెట్ల కంటే తగ్గిస్తే అక్షరాలు తెగవచ్చు. బటన్ అక్షరం 18 పిక్సెళ్ళు, చుట్టూ ఖాళీ 14 అయినా ఉండాలి. రైతు చేతి బొటనవేలికి అందాలి కదా.

ఫారం సంగతి. లిస్ట్‌మాంక్ ఫారమ్స్ పేజీలో పబ్లిక్ జాబితాలని టిక్ పెడితే హెచ్‌టీఎమ్ఎల్ తయారుచేసి ఇస్తుంది. అది మరీ బోసిగా ఉంటుంది. మెయిల్ గడి రకం ఈమెయిల్ అనే ఉండాలి, అప్పుడు ఫోన్ కీబోర్డులో యాట్ గుర్తు ముందుకొస్తుంది. ఆటోకంప్లీట్ పెడితే ఫోన్లో ఉన్న ఐడీయే దానంతటదే వస్తుంది, ఇది చాలా తప్పుల్ని ముందే ఆపుతుంది. జీమెయిల్ స్పెల్లింగ్‌లో అక్షరాలు తారుమారవడం, చివర డాట్ కామ్‌కి బదులు డాట్ కాన్ పడటం రోజూ జరిగేవే. నాలుగైదు రకాల తప్పుల్ని పట్టుకుని ‘ఇదేనా అండి మీ ఐడీ?’ అని అడిగే చిన్న స్క్రిప్టు పెట్టించుకోండి. పుస్తకంలో చేత్తో రాయించుకుంటే చుక్క ఎక్కడుందో తెలియక ఇబ్బంది పడతారు. జీమెయిల్‌లో యాట్ గుర్తుకి ముందున్న చుక్కలు లెక్కలోకి రావు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. అంకెలు మాత్రం సరిచూసుకోవాలి. ఫారానికి హెచ్‌క్యాప్చా (నింపేది మనిషో యంత్రమో తేల్చే పరీక్ష) పెట్టే వీలు సెట్టింగ్స్‌లోనే ఉంది, పెట్టండి. లేకపోతే బాట్లు ఊరూపేరూ లేని ఐడీలు గుమ్మరించి, మీ నిర్ధారణ మెయిళ్ళన్నీ తిరిగొచ్చేలా చేసి డొమైన్ పేరు చెడగొడతాయి.

ఫారం నింపాక వచ్చే పేజీని ఎవరూ పట్టించుకోరు, కానీ పని సగం అక్కడే అవుతుంది. పంపేవారి పేరు, సబ్జెక్ట్ రెండూ ఉన్నవి ఉన్నట్టు అక్కడ చూపించండి. ‘ప్రమోషన్స్‌లో, స్పామ్‌లో కూడా చూడండి’ అని చెప్పండి. కంప్యూటర్ మీద చేరేవాళ్ళకి జీమెయిల్ వెతుకులాట లింకు పెట్టవచ్చు. మీ ఐడీ నుంచి వచ్చినవి అన్ని ఫోల్డర్లలోనూ వెతికేలా ఇన్ ఎనీవేర్ అనే మాట అందులో చేరిస్తే స్పామ్‌లో పడ్డదీ కనిపిస్తుంది. ఫోన్లో ఆ లింకు యాప్‌కి బదులు బ్రౌజర్‌లో తెరుచుకుని తికమక పెట్టవచ్చు, కాబట్టి ఫోన్ వాళ్ళకి మాటల్లో చెప్పడమే మేలు.

కొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టినవాళ్ళకి ఇంకా మంచి అవకాశం ఉంది. పూతరేకులు పొట్లం కట్టే రెండు నిమిషాల్లో పని పూర్తి చేయించవచ్చు. గల్లాపెట్టె దగ్గర మనిషి ‘ఆయ్, ఇప్పుడే మెయిల్ వచ్చుంటదండి, ఓసారి చూసి అవును అని నొక్కేయండి, పండక్కి కొత్త రకాలొస్తే మీకే ముందు తెలుస్తది’ అంటే చాలు. ఎదురుగా మనిషి చెప్పిన మాట ఉన్నప్పుడు మోసమన్న భయం ఉండదు. మెయిల్ తన ఫోన్లో తెరుచుకోవడం లేదని తెలిసేదీ అప్పుడే. ఫోన్ కొన్నప్పుడు షాపువాడు ఏదో ఐడీ తయారుచేసి పెట్టి ఉంటాడు, దాని పాస్‌వర్డ్ వీళ్ళకి తెలియదు. అలాంటివాళ్ళని మెయిల్ జాబితాలోకి లాగడం మంచిది కాదు. వాట్సాప్ నంబరు తీసుకోండి.

గుర్తుచేయడం విషయంలో లిస్ట్‌మాంక్ బలహీనం. రోజు గడిచాక దానంతటదే గుర్తుచేసే ఏర్పాటు లేదు. ఉన్నదల్లా జాబితాల పేజీలో, డబుల్ ఆప్ట్‌ఇన్ జాబితా పక్కన ఉండే ‘ఆప్ట్‌ఇన్ క్యాంపెయిన్ పంపు’ అన్న లింకు. అది నొక్కితే ఇంకా ఒప్పుకోనివాళ్ళకి మాత్రమే వెళ్ళే ఉత్తరం తయారవుతుంది, అందులో నిర్ధారణ లింకు ట్యాగ్ ముందే ఉంటుంది. దాన్ని చెరపకుండా చుట్టూ తెలుగు మాటలు రాసుకోవచ్చు. చిక్కేమిటంటే గంట క్రితం చేరినవాళ్ళకీ, మూడు నెలల క్రితం చేరి వదిలేసినవాళ్ళకీ ఒకేలా వెళ్తుంది. అందుకని పంపేముందు మెయింటెనెన్స్ పేజీకి వెళ్ళి, 30 రోజులు దాటిన నిర్ధారణ కాని చందాల్ని తీసేయండి. ఆ సౌకర్యం అక్కడే ఉంది. ఐడీలని ఫైలుగా ఎక్కించినప్పుడు కూడా నిర్ధారణ మెయిళ్ళు వాటంతటవి వెళ్ళవు, ఈ క్యాంపెయినే పంపాలి. ఎక్కించేటప్పుడు ‘కన్‌ఫర్మ్‌డ్’ అని పెట్టే వీలుంది, ఆ ఆశకి పోకండి. అడగనివాళ్ళకి పంపితే స్పామ్ ఫిర్యాదులొస్తాయి, నిజంగా అడిగినవాళ్ళ నిర్ధారణ మెయిల్ కూడా వాటితోపాటే స్పామ్‌లోకి పోతుంది.

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళుంటే మంచి దారి ఉంది. ఏపీఐలో (వేరే ప్రోగ్రాములు లిస్ట్‌మాంక్‌తో మాట్లాడే దారి) ఒక్కొక్కరికి విడిగా నిర్ధారణ మెయిల్ మళ్ళీ పంపే పిలుపు ఉంది. చేరిన తేదీని బట్టి ఎస్‌క్యూఎల్ ప్రశ్నతో 24 గంటలు దాటినవాళ్ళని ఏరి, రోజుకోసారి క్రాన్‌తో (వేళకి పనిని దానంతటదే నడిపే సాధనం) ఆ పిలుపు నడిపితే సరిపోతుంది. ఎవరికి పంపామో ఆట్రిబ్యూట్స్‌లో గుర్తు పెట్టుకోవాలి. జాగ్రత్త: ఒకరి వివరాల్ని పుట్ పిలుపుతో మార్చేటప్పుడు వాళ్ళున్న జాబితాలన్నీ కూడా మళ్ళీ పంపాలి. పంపకపోతే ఆ జాబితాల్లోంచి పేరు ఎగిరిపోతుంది. గుర్తుచేసే మెయిల్ మొదటిది ఒక రోజుకి, రెండోది ఐదారు రోజులకి చాలు. మూడోది వద్దు. వేళ కూడా చూసుకోండి. చెరువు రైతు తెల్లవారుజామున, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గే సమయానికి ఏరియేటర్ల దగ్గర ఉంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపితే చూస్తాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే మనకి సాయంత్రం ఏడు, అక్కడ తూర్పు తీరంలో కాలాన్ని బట్టి పొద్దున్న ఎనిమిదిన్నర గానీ తొమ్మిదిన్నర గానీ అవుతుంది.

ఎంత మెరుగైందో చూసుకోవడానికి జాబితాల పేజీలో నిర్ధారణ అయినవి, కానివి విడివిడిగా అంకెలు కనిపిస్తాయి. శాతం తనే లెక్కకట్టి చూపదు, మనమే వేసుకోవాలి. 400 మంది చేరి 250 మంది ఒప్పుకున్నారనుకుందాం, 62.5 శాతం. పాతవి తీసేసేముందే ఈ అంకె రాసి పెట్టుకోండి, తీసేశాక శాతం ఉత్తినే పెరిగినట్టు కనిపిస్తుంది. కొట్టు దగ్గర క్యూఆర్‌కి ఒక జాబితా, వెబ్‌సైటుకి ఒకటి, ఫేస్‌బుక్ పేజీకి ఒకటి పెట్టుకుంటే ఎక్కడ జారిపోతున్నారో తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. సబ్జెక్ట్, బటన్, పంపేవారి పేరు మూడూ ఒకే వారం మారిస్తే దేనివల్ల ఫలితమొచ్చిందో తేలదు.

చట్టం విషయం కూడా గుర్తుంచుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అంగీకారం స్వేచ్ఛగా, స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలి. అంగీకారం అడిగే మాటల్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలివ్వాలని కూడా ఉంది. తెలుగు ఆ షెడ్యూలులోదే. నిర్ధారణ మెయిల్, పేజీ తెలుగులో ఉంచడానికి అదొక కారణం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద, ఒప్పుకున్నప్పుడు ఐపీ అడ్రస్ నమోదుచేసే వీలుంది. అది ఆన్ చేస్తే ఎవరైనా ‘నేనెప్పుడు అడిగాను?’ అన్నప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది, కానీ అదీ వ్యక్తిగత సమాచారమే కాబట్టి తీసుకుంటున్నట్టు ఫారం కింద రాయాలి.

సర్వర్ సంగతి తెలిసినవాళ్ళు ఇంట్లోనో, పక్క వీధిలోనో లేకపోతే లిస్ట్‌మాంక్ జోలికి వెళ్ళొద్దు. మెయిల్‌చింప్ లాంటి సర్వీసులో కట్టే డబ్బుకి ఈ తలనొప్పి తప్పుతుంది. అక్కడ డబుల్ ఆప్ట్‌ఇన్ మనమే ఆన్ చేసుకోవాలి, 2017 అక్టోబరు చివరి నుంచి మామూలుగా వచ్చేది సింగిలే. తెలిసినవాళ్ళున్నా, సర్వర్‌ని ఇంట్లో కంప్యూటర్ మీద నడపకండి. తుఫాను రోజుల్లో కరెంటు పోయిందంటే నిర్ధారణ లింకులన్నీ ఆ సర్వర్ మీదకే వెళ్తాయి కాబట్టి, ఆ సమయంలో నొక్కినవాళ్ళందరికీ తెల్ల పేజీయే మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ రోజుకోసారి వేరే చోటికి పంపించుకోండి. ఎవరు ఒప్పుకున్నారో చెప్పే రికార్డు అందులోనే ఉంది, అది పోతే మళ్ళీ అందరినీ మొదటినుంచీ అడగాలి.